గోరీల లెక్క రాయించండి: ఉమ్మడి వరంగల్ జిల్లా సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు బహిరంగ లేఖ

సర్పంచులకు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు నమస్కారం.

నేను పరకాల దగ్గరి ఒక ఊరి ఆడబిడ్డను. హనుమకొండలో టీచర్‌గా పనిచేస్తున్నాను. రోడ్డు, మోరీ, నల్లా, పింఛన్ అంటూ రోజూ మీ గడప తొక్కేవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. నేను అడిగే పనికి ఎస్టిమేట్ అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. ఒక లావుపాటి రిజిస్టర్, ఒక టేపు, ఒక ఫోన్, మీ ఊళ్ళో ఎనభై దాటిన నలుగురు మనుషులు ఉంటే చాలు. ఊరి శివారులో, చెల్కల్లో, గెట్ల పక్కన, చెరువు వెనక ఎక్కడెక్కడ ఎవరి గోరీలు ఉన్నాయో ఒక్కచోట రాయించండి. ఈ ఉత్తరం ఆ ఒక్క పని కోసమే.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను.

మా చెల్కలో ఒక మూలకు రెండు గుంటల జాగా ఉంది, అంటే 242 గజాలు. మేం దాన్ని గోరీల మడి అంటాం. నాలుగైదు తరాలుగా మా ఇంటివాళ్ళను అక్కడే బొంద పెట్టారు. నడుమ ఒక యాపచెట్టు, చుట్టూ సర్కారు తుమ్మ. మా బాపు ఉన్నన్ని రోజులు ప్రతి పెత్తరమాసకు ముందు కొడవలి పట్టుకొని పోయి కంప కొట్టేవాడు, గోరీలకు సున్నం వేసేవాడు. "ముప్పై ఎనిమిది మంది ఉన్నరు బిడ్డా ఈడ" అని చెప్పేవాడు. ఎవరెవరని నేను అడగలేదు. బాపుకు తెలుసు కదా, ఎప్పుడైనా అడగొచ్చు అనుకున్నాను. ఆయన పోయాక మూడేళ్ళు ఎవరమూ అటు పోయి కంప కొట్టలేదు.

ఆ మూడో ఎండాకాలం పక్క చెల్క అమ్ముడుపోయింది. కొన్నాయన గెట్టు సాపు చేయించడానికి జేసీబీ పెట్టించాడు. మా వైపు నాలుగు రాళ్ళు లేచి యాపచెట్టు మొదట్లో కుప్పగా పడ్డాయి. పోయి అడిగితే ఆయన నిజంగానే బాధపడ్డాడు. "కంప తప్ప ఏం కనవడలేదమ్మా, కాగితంల కూడ లేదు" అన్నాడు. ఇంటికొచ్చి పాత పహాణీ నకళ్ళు, పాస్ పుస్తకం అన్నీ ముందరేసుకొని చూశాను. సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, శిస్తు ఉంది. ఆ రెండు గుంటల్లో పడుకున్న మనుషుల గురించి ఒక్క అక్షరం లేదు. ఆయన మీద కోపం అక్కడితో పోయింది. టెన్షన్ మాత్రం పట్టుకుంది. మిగిలిన ముప్పై నాలుగు గోరీలు ఎవరివో చెప్పగలిగింది ఇంక మా మేనత్త ఒక్కతే.

మేనత్తకు అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. హుజూరాబాద్ దగ్గరి ఊరికి ఇచ్చారు. ఆమెను చలికాలంలో కారులో తీసుకొచ్చి, యాపచెట్టు కింద కుర్చీ వేశాం. ఆమె కూర్చోలేదు. చెప్పులు విడిచి, నా భుజం పట్టుకొని, ఒక్కో రాయి దగ్గరికి నడిచింది. "గిది మీ తాత తమ్మునిది. గత్తరల పోయిండు." "గిది మా చిన్నమ్మది, కాన్పుల పోయింది, పిల్ల గూడ ఆమెతోనే ఉన్నది." "గీడ అడుగు పెట్టకు బిడ్డా, గీడ రాయి లేదు గని మనిషి ఉన్నడు." నేను రాసుకుంటూ పోయాను. తూర్పు గెట్టు దగ్గర జానెడు ఎత్తున్న రెండు చిన్న రాళ్ళు పక్కపక్కన ఉంటే అక్కడ ఆగిపోయింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇవి నావి" అంది. పుట్టింటికి పురుడుకు వచ్చినప్పుడు పోయిన ఇద్దరు పిల్లలు. మొదటివాడు మూడో రోజు, రెండో పిల్ల తొమ్మిదో రోజు. మా ఇంట్లో నాకు యాభై ఏళ్ళు వచ్చేదాకా ఈ సంగతి తెలియదు. పుట్టినట్టూ రికార్డు లేదు, పోయినట్టూ లేదు. ఆ రెండు రాళ్ళే ఉన్నాయి. జేసీబీ ఇంకో రెండు గజాలు ఇటు జరిగి ఉంటే అవీ ఉండేవి కావు.

మా రిజిస్టర్ ఇలా తేలింది. ముప్పై నాలుగింటిలో రాత ఉన్నవి ఏడు. మేనత్త గుర్తుపట్టినవి పంతొమ్మిది. ఇంకో ఐదు చెప్పింది మా ఊళ్ళో తరతరాలుగా బొందలు తవ్విన ఇంటి పెద్దమనిషి. చిన్నప్పుడు వాళ్ళ నాయనతో పాటు గడ్డపార పట్టి వచ్చినవాడు కాబట్టి, ఏ ఏడు ఏ పక్కకు తవ్వారో, ఎక్కడ రాయి అడ్డమొస్తే జరిగారో ఆయన మట్టిని చూసి చెప్పాడు. మీ ఊళ్ళో ఈ పని మొదలుపెడితే ముందు ఆ ఇంటికి పోండి. ఊరి చావులన్నీ చూసినవాళ్ళు వాళ్ళు. వాళ్ళను అడిగి రాసుకొని, వాళ్ళ పేరు రిజిస్టర్‌లో రాయకుండా వదిలేయకండి. వాళ్ళ రోజు కూలి కూడా ఇవ్వండి.

రాత ఉన్న ఏడు రాళ్ళలో ఆడవాళ్ళవి రెండే. ఆ రెండింటి మీదా ఫలానా ఆయన భార్య అని ఉంది తప్ప వాళ్ళ పేర్లు లేవు. రాయి చెక్కించింది మగవాళ్ళు. రాళ్ళు లేనివాళ్ళను కూడా గుర్తు పెట్టుకున్నది ఆడవాళ్ళు. అందుకే చెప్తున్నాను, కుల పెద్దలను, పటేళ్ళను అడిగి సరిపెట్టుకోకండి. ఇంట్లో మూలకు కూర్చున్న అవ్వలను అడగండి.

రాసిన రాయి ఉంది కదా, దానికేం కాదు అనుకోవడం కూడా తప్పే. మా ముత్తాత రాయి సంగతి వినండి. ఏటా దాని మీద సున్నం వేసి వేసి అక్షరాలు పూడిపోయాయి. ఎప్పుడో ఒక పెయింటరుతో నల్లరంగు పెట్టించారు. దాని మీద 1952 అని ఉండేది. మా బాపు పుట్టింది 1947లో. బాపుకు పెట్టింది ముత్తాత పేరే. మా ఇళ్ళల్లో బతికున్న మనిషి పేరు పెట్టరు, పోయినవాళ్ళ పేరే పెడతారు. 1952లో పోయిన మనిషి పేరు 1947లో పుట్టిన పిల్లవాడికి ఎట్లా వస్తుంది? మేనత్త కూడా "నేను పుట్టిన రెండేండ్లకే తాత పోయిండంటరు" అంది. సాయంత్రం పొద్దు వాలేదాకా ఆగి, రాయికి పక్క నుంచి వెలుతురు పడేటప్పుడు చూస్తే, రంగు కింద పాత అక్షరాల గుంటలు నీడలుగా తేలాయి. అది 1952 కాదు, 1352. దానికి ముందు 'ఫ' అని ఒక అక్షరం. ఫసలీ 1352. నిజాం కాలంలో కాగితాలన్నీ ఆ లెక్కలోనే ఉండేవి. పెయింటరుకు అది తెలియక, ఎవరో తప్పు చెక్కారనుకొని దిద్దాడు.

ఫసలీ లెక్క మన జిల్లాల్లో గోరీలు చదివేవాళ్ళకు తప్పకుండా తెలియాలి. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదట్లో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి అయితే 591 కలపాలి. అంటే మా ముత్తాత పోయింది 1942-43లో. నెల పేరు కూడా ఉంటే ఇంకా దగ్గరికి రావచ్చు. ఫర్వర్ది అని చెక్కి ఉంటే దాన్ని ఫిబ్రవరికి వచ్చిన తప్పు అనుకొని దిద్దకండి. అది ఫసలీలో ఐదో నెల పేరు.

ఇంకో రాయి మీద కాళయుక్తి అని మాత్రమే ఉంది. అంకెలు లేవు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కాబట్టి అది 1918-19 కావచ్చు, 1978-79 కావచ్చు. ఆ గోరీ డంగు సున్నంతో కట్టింది, సిమెంట్ ఆనవాలు లేదు. 1978లో మా ఇంట్లో ఎవరూ పోలేదని మేనత్తకు గట్టిగా తెలుసు. కాబట్టి అది 1918. దాని పక్కనే ఒకే వరుసలో అదే కట్టుబడితో ఇంకో రెండు గోరీలు ఉన్నాయి. ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసిన ఏడు అది. ఇంట్లో అందరూ గత్తర, అంటే కలరా అనే చెప్పుకుంటూ వచ్చారు. ఆ మూడు గోరీల ముందు నిలబడ్డప్పుడు, పుస్తకంలో చదివి పిల్లలకు పాఠం చెప్పిన సంగతి మా చెల్కలోనే ఉందని నాకు మొదటిసారి అర్థమైంది.

ఇప్పుడే ఎందుకంత తొందర అంటారేమో. 2019లో పల్లె ప్రగతి మొదలైనప్పటి నుంచి ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. మంచి పని. వానాకాలంలో శవాన్ని పెట్టుకొని జాగా కోసం తిప్పలు పడ్డవాళ్ళకు ఆ షెడ్డు విలువ తెలుసు. కానీ కొత్త చావులన్నీ అక్కడికి పోతుంటే చెల్కల్లో ఉన్న పాత గోరీల దగ్గరికి దారి మూసుకుపోతుంది. దారి పోయిన పదేళ్ళకు గుర్తు పోతుంది. ఇంకోవైపు భూమి కదులుతోంది. మంచిర్యాల నుంచి వరంగల్ మీదుగా గ్రీన్‌ఫీల్డ్ హైవే, భూపాలపల్లి దిక్కు ఓపెన్‌కాస్ట్ గనులు, పట్టణాల చుట్టూ వెంచర్లు. మధ్య మానేరు కింద మునిగిన ఊళ్ళతో పాటు వాళ్ళ పెద్దల గోరీలు కూడా నీళ్ళల్లోకి పోయాయి. భూమి తీసుకునేటప్పుడు బావి, బోరు, చెట్టు, కొట్టం లెక్కలోకి వస్తాయి. కంపలో కప్పుకుపోయిన రాళ్ళు ఎవరో ఒకరు చూపిస్తే తప్ప రావు. చూపించాల్సిన మనిషి భీవండిలోనో దుబాయ్‌లోనో ఉంటాడు.

ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో దామరవాయి దగ్గర పెద్ద పెద్ద బండలను నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన గూళ్ళు మీలో కొందరు చూసే ఉంటారు. ఊళ్ళోవాళ్ళు రాకాసి గుళ్ళంటారు. అవి ఇనుప యుగపు మనుషుల సమాధులు. అంత బరువైన రాళ్ళు మోసుకొచ్చి కట్టుకున్న మనుషుల్లో ఒక్కరి పేరు మనకు తెలియదు, చివరికి వాళ్ళను రాకాసులను చేశాం. పేరు రాయడం మన దగ్గర కొత్తేమీ కాదు. పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జెండా కోసం పోయి కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకున్న 22 మందికి అమరధామం కట్టుకున్నాం. కరీంనగర్ కార్ఖానగడ్డలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళి నాడు గోరీలను కడిగి, రంగులేసి, పూలు పెట్టి, దీపాలు ముట్టించి, తమ పెద్దల దగ్గరే పండుగ చేసుకుంటాయి. ఆ రాత్రి అక్కడ పిల్లలకు ఏ గోరీ ఎవరిదో వేరే చెప్పాల్సిన పని ఉండదు.

మీరు మొదలుపెట్టేటప్పుడు నా మనవి ఒకటి. పెద్ద ఇళ్ళ గోరీలతో కాదు, దళితవాడ బొందలగడ్డతో మొదలుపెట్టండి. చాలా ఊళ్ళల్లో అది చెరువు శిఖం అంచుకో వాగు ఒడ్డుకో ఉంటుంది. నీళ్ళకు కోతపడేదీ, ముందుగా కబ్జా అయ్యేదీ అదే. రాళ్ళు చెక్కించే స్తోమత లేక మట్టి కుప్ప మీద ఒక గుండు పెట్టి వచ్చిన గోరీలు అక్కడే ఎక్కువ. అలాగే చిన్నపిల్లలను పూడ్చిన చోట్లు. దహనం చేసే ఇళ్ళల్లో కూడా పసిపిల్లలను పూడుస్తారు. వాటికి రాయి కూడా ఉండదు, ఏ తుమ్మచెట్టు కిందనో ఉంటాయి. తల్లి ఇష్టపడి చెప్తేనే రాయండి, గుచ్చి గుచ్చి అడగొద్దు.

పని ఎట్లా చేయాలో మా అనుభవం చెప్తాను. గడ్డి ఎండిన చలికాలం మంచిది. కంపను పైపైన కొట్టాలి, వేళ్ళు పెకలించొద్దు. జాగాకు ముందు ఒక నక్షా గీసుకొని, చెట్టు, బావి, హద్దురాయి లాంటి కదలని గుర్తు నుంచి ఒక్కో గోరీకి టేపుతో దూరం కొలిచి నంబరు ఇవ్వాలి. ఫోన్‌లో లొకేషన్ తీసుకోండి, కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. పక్కపక్కన ఉన్న రెండు గోరీలను విడదీసి చెప్పేంత కచ్చితంగా ఫోన్ చూపించదు. తల ఏ దిక్కుకు ఉందో రాయండి. మా వాళ్ళ తల దక్షిణానికి. ముస్లింల గోరీలు ఉత్తర దక్షిణాలుగా ఉండి, ముఖం పడమటికి తిప్పి ఉంటుంది. లింగాయత్‌లు కూర్చోబెట్టి సమాధి చేస్తారు కాబట్టి కట్టడం పొడుగ్గా ఉండదు, పైన లింగమో నందో ఉంటుంది. రాయి మీద ఉన్నది ఉన్నట్టు, తప్పుతో సహా రాసుకోండి. మీకు తప్పు అనిపించింది పక్కన వేరుగా రాయండి.

రాయిని కడగాలంటే మంచినీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు. యాసిడ్ అసలే వద్దు. షాబాద్ బండ సున్నపురాయి జాతిది, యాసిడ్ పడితే అక్షరాలు కరిగిపోతాయి. ఇనుప బ్రష్ వద్దు, చాక్‌పీస్‌తో అక్షరాల మీద గీయొద్దు. పొద్దున ఏడింటికో సాయంత్రం ఐదింటికో పోతే ఏటవాలు ఎండకు అక్షరాలు వాటంతట అవే లేస్తాయి. మిట్టమధ్యాహ్నం పోవాల్సి వస్తే ఒకరు పెద్ద అద్దం పట్టుకొని పక్క నుంచి రాయి మీదికి వెలుతురు కొట్టాలి. మా మేనల్లుడు ఇంట్లో డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ఊడదీసుకొచ్చాడు, దాంతోనే మూడు రాళ్ళు చదివాం.

కొంతమంది రైతులు ఒప్పుకోరు. గోరీ ఉందని పంచాయతీలో రాస్తే రేపు పట్టాకు అడ్డమొస్తుందని, పాలోళ్ళు వచ్చి జాగా అడుగుతారని భయపడతారు. ఆ భయం ఉత్తది అని నేను కొట్టిపారేయను. భూమి ఒక్కటే ఆధారమైనవాళ్ళకు అది సహజం. అందుకే రిజిస్టర్ మొదటి పేజీలోనే తీర్మానం రాయండి: ఇది జ్ఞాపకం కోసం రాసుకున్న లెక్క, దీనివల్ల ఎవరికీ భూమి మీద హక్కు రాదు, పోదు అని. గ్రామసభలో చదివి వినిపించండి. ఊరివాళ్ళ సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. అదే సభలో ఇంకో సంగతి కూడా చెప్పండి. ఎవరి మనసైనా నొప్పించాలనో, నొచ్చుకుంటారని తెలిసో గోరీల జాగాలోకి చొరబడటం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద నేరం, ఏడాది దాకా జైలు ఉంటుంది. కేసులు పెట్టడం కోసం చెప్పమనడం లేదు. లెక్క ఉంటే తెలియక జరిగింది, తెలిసి జరిగింది వేరవుతాయి. మా పక్క చెల్క ఆయనకు ముందే తెలిసుంటే ఆ నాలుగు రాళ్ళు లేచేవి కావు.

కార్యదర్శులకు ఒక మాట. జనన మరణాల రిజిస్టర్ మీ దగ్గరే ఉంటుంది. 1969 చట్టం వచ్చాక ప్రతి చావూ రాయాలి. మనిషి ఎక్కడ పోయాడో అందులో ఉంటుంది, ఎక్కడ పూడ్చారో ఉండదు. ఇక మీదట పక్కన పెన్నుతోనైనా ఆ ఒక్క మాట రాసి పెట్టుకోండి. పాత గోరీల రిజిస్టర్‌కు మూడు నకళ్ళు తీయండి. ఒకటి పంచాయతీలో, ఒకటి బడిలో, ఒకటి ఆ కుటుంబాల దగ్గర. ఫోన్‌లో ఫొటోలు ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. మేం తీసిన మొదటి ఫొటోలు ఫోన్ పాడై పోతే, నోటుబుక్ మాత్రమే మిగిలింది.

ఏ ఊరి నుంచి పిలిచినా శని, ఆదివారాలు నేను వస్తాను. మా బడి పిల్లలు పెద్ద తరగతుల వాళ్ళు కొందరు టేపు పట్టడం, నక్షా గీయడం నేర్చుకున్నారు, వాళ్ళ ఇళ్ళల్లో ఒప్పుకుంటే తీసుకొస్తాను.

చివరగా నా సొంత అవసరం ఒకటి. మా రిజిస్టర్‌లో మూడు నంబర్ల ఎదురుగా ఇంకా ఖాళీ ఉంది. అందులో రెండింటికి ఏ ఆధారమూ లేదు. ఇరవై రెండో నంబరు మాత్రం ఒక ఆడమనిషిది. మా బాపమ్మ ఆ మడికి పోయినప్పుడల్లా ఆ రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కాసేపు కూర్చునేదట. "ఎవరే అమ్మా అని నేను అడగనే లేదు" అని మేనత్త ఇప్పటికీ బాధపడుతుంది. ఆ వరుసను బట్టి చూస్తే 1918 తర్వాత, మా ముత్తాత పోకముందు పోయిన మనిషి. మా ఇంటికి కోడలిగా వచ్చిన మనిషే అనుకుంటున్నాను. మా ఊళ్ళో ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఆమె పుట్టిన ఊళ్ళో ఎవరికైనా తెలిసి ఉండొచ్చు. అప్పటి సంబంధాలన్నీ పరకాల, శాయంపేట, రేగొండ, జమ్మికుంట, హుజూరాబాద్ చుట్టుపక్కలే కలుపుకొనేవారు. మీ ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు, పరకాల దిక్కు ఇచ్చిన పిల్ల చిన్న వయసులో పోయిందని ఎవరైనా అంటే, ఆ పేరు రాసి పెట్టండి. నేను వచ్చి తీసుకుంటాను.

ఇట్లు,
పరకాల దిక్కు ఆడబిడ్డ, హనుమకొండ